ఫొటో ఎగ్జిబిషన్ ప్రారంభోత్సవంతో నిధులు రావాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హనుమకొండలో మీరు కొంతమంది ఫొటోగ్రాఫర్లు కలిసి మూడు రోజుల ఎగ్జిబిషన్ పెట్టాలనుకుంటున్నారు. రామప్ప, వేయిస్తంభాల గుడి, బతుకమ్మ, మేడారం, పాకాల మీద నలభై దాకా ఫొటోలు సిద్ధంగా ఉన్నాయి. వచ్చిన డబ్బు తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న పిల్లలకు రక్తం ఎక్కించే ఒక ట్రస్టుకు ఇస్తారు. ప్రారంభోత్సవం ఘనంగా చేయాలి, ఎక్కువ నిధులు రావాలి, దానికి ఏం చేయాలి అని అడిగారు. వీటితోపాటు ధరలు, 80జీ రసీదు (విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం ఇచ్చేది), అమెరికాలో ఉన్న బంధువుల డబ్బు, కంపెనీల స్పాన్సర్‌షిప్ గురించి కూడా అడిగారు.

ఇలాంటి ఎగ్జిబిషన్లు చాలాకాలంగా దగ్గరుండి నడిపిస్తున్నాను. మొదట చెప్పాల్సింది ఒక్కటే. మీరు మూడు రోజులు తలుపులు తెరిచి ఉంచినా, రావలసిన డబ్బులో పెద్ద భాగం మొదటి సాయంత్రం రెండు గంటల్లోనే వస్తుంది. మిగతా రోజుల్లో జనం వస్తారు, చూస్తారు, సెల్ఫీలు దిగుతారు, మెచ్చుకుంటారు. కొనేవాళ్లు, విరాళం ఇచ్చేవాళ్లు మాత్రం మీరు పేరు పెట్టి పిలిస్తే ఆ సాయంత్రం వచ్చినవాళ్లే. ఆ రెండు గంటలను దేనికి ఖర్చు పెడుతున్నారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మన దగ్గర ఆ రెండు గంటలు ఎలా పోతాయో మీకు తెలుసు. ఆరు గంటలకు అని కార్డు వేస్తాం. ముఖ్య అతిథి ఏడున్నరకు వస్తారు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, వేదిక మీదికి ఆహ్వానం, పుష్పగుచ్ఛాలు, నలుగురి ఉపన్యాసాలు, శాలువాలు, మెమెంటోలు, వందన సమర్పణ. అన్నీ అయ్యేసరికి తొమ్మిది. అప్పుడు అతిథి వెంట ఓ యాభైమంది ఫొటోల ముందు గబగబా నడుస్తారు, ప్రెస్‌వాళ్లు నాలుగు ఫొటోలు తీసుకుంటారు, హాలు ఖాళీ. చెక్కు రాద్దామని మనసులో అనుకుని వచ్చిన డాక్టరుగారు ఎనిమిదింటికే వెళ్లిపోయి ఉంటారు.

అందుకని నా సలహా: వేదిక వేయకండి. కుర్చీలు గోడ పక్కన పెద్దవాళ్లకు సరిపడా పది ఉంటే చాలు. కార్డు మీద వేసిన సమయానికే తలుపులు తెరవండి, అతిథి రాకపోయినా సరే. వచ్చినవాళ్లు ముందు ఫొటోలు చూడాలి, టీ తాగాలి, మీ సభ్యులతో మాట్లాడాలి. ముప్పావు గంట తర్వాత, హాలు నిండుగా ఉన్నప్పుడు, అందరినీ ఒకచోటికి పిలిచి ఇరవై నిమిషాల్లో కార్యక్రమం ముగించండి. దీపం వెలిగించడం ఆ ఇరవై నిమిషాల్లోనే. ముఖ్య అతిథికి ఈ సంగతి ముందే మర్యాదగా చెప్పండి: "సార్, మీరు ఆరూ నలభైఐదుకు వస్తే చాలు, మీరు మాట్లాడేసరికి హాలు నిండి ఉంటుంది." నా అనుభవంలో దీనికి కాదన్నవాళ్లు తక్కువ. ఖాళీ కుర్చీల ముందు ఎదురుచూడటం వాళ్లకూ ఇష్టం ఉండదు. శాలువాలు, మెమెంటోలు పూర్తిగా మానేయండి. వాటి డబ్బు పిల్లలకే ఇస్తున్నామని ఒక్క మాట చెప్తే ఎవరూ నొచ్చుకోరు.

ఇప్పుడు ట్రస్టు సంగతి. ఫొటోలు ఎంచుకోకముందే, హాలు బుక్ చేయకముందే వాళ్లతో కూర్చుని మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి. ఒకటి, వాళ్ల రిజిస్ట్రేషన్ పత్రాలు, అంటే 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ ఆమోదాలు, అవి ఎప్పటివరకు చెల్లుతాయో. రెండు, మీ ఎగ్జిబిషన్‌లో వాళ్ల పేరు, లోగో వాడుకోవడానికి అనుమతి లేఖ. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ఒక బిడ్డకు ఒక నెల ఖర్చు ఎంత?

ఈ మూడోది ఎందుకంటే, "తలసీమియా పిల్లలకు సాయం చేయండి" అంటే జనం జేబులోంచి వంద తీస్తారు. "ఒక బిడ్డకు నెలకు ఇంత అవుతుంది, మీరు ఎన్ని నెలలు చూసుకుంటారు?" అంటే లెక్క వేసుకుని ఇస్తారు. తలసీమియా మేజర్, అంటే ఆ జబ్బు తీవ్రరూపం, ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, అదీ ఏళ్ల తరబడి. ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. అది గుండెను, కాలేయాన్ని దెబ్బతీయకుండా ఇనుమును బయటికి పంపే మందులు రోజూ వాడాలి. పరీక్షలు, ప్రయాణం, తల్లిదండ్రుల కూలీ పోవడం వీటికి అదనం. ట్రస్టువాళ్లకు ఈ లెక్క ఉంటుంది, అడిగితే ఇస్తారు. ఆ అంకెను ఆహ్వాన పత్రిక మీద, గుమ్మం దగ్గర బోర్డు మీద, మాట్లాడేవాళ్ల నోట ఒకేలా వినిపించండి. చోటుకో అంకె చెప్తే నమ్మకం పోతుంది.

తర్వాత ఖర్చు. చాలా బృందాలు దెబ్బతినేది ఇక్కడే. ఉదాహరణకు లెక్క వేద్దాం. నలభై ఫొటోలకు ప్రింటు, ఫ్రేము కలిపి ఒక్కోదానికి 2,000 అనుకుంటే 80,000. హాలు, లైట్లు, కార్డులు, ఫ్లెక్సీలు, టీ టిఫిన్లు, రవాణా మరో 60,000. మొత్తం 1,40,000. ఒక్కోటి 5,000 చొప్పున ఇరవై ఫొటోలు అమ్ముడుపోయినా వచ్చేది లక్ష. అంటే పిల్లలకు ఇవ్వడానికి ఏమీ మిగలకపోగా మీరే 40,000 ఎదురు పెట్టుకోవాలి. బయటికేమో "లక్ష రూపాయలు వచ్చాయి" అని చెప్పాలి. ఆ ఇబ్బంది మీకు వద్దు.

దీనికి రెండు దారులు, రెండూ వాడండి. మొదటిది, ఖర్చంతా ప్రారంభోత్సవానికి ముందే మీ సభ్యుల చందాలతో, స్పాన్సర్లతో తీరిపోవాలి. "ఈ సాయంత్రం వచ్చే ప్రతి రూపాయీ ట్రస్టుకే వెళ్తుంది" అని మీరు ధైర్యంగా చెప్పగలగాలి. ఆ వాక్యానికి ఉన్న బలం ఏ ఉపన్యాసానికీ లేదు. రెండోది, ఫొటోల సంఖ్య తగ్గించండి. నలభై ఎక్కువ, ఇరవై ఐదు చాలు. ఒకే గుడిని ఐదుగురు ఐదు వైపుల నుంచి తీసినవి పెడితే, చూసేవాడికి మొదటిదే గుర్తుంటుంది, కొనాలన్న మనసు మిగతా నాలుగింటి దగ్గర చల్లారిపోతుంది. ఎంపిక మీ బృందంలో మీరే చేసుకుంటే తగువులు వస్తాయి. బయటి నుంచి ఒకరిని పిలవండి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ కోర్సు ఉంది, అక్కడి అధ్యాపకులను అడిగి చూడండి. పేర్లు కనపడకుండా ఫొటోలకు నంబర్లు ఇచ్చి చూపించండి.

ప్రదర్శనకు ఒక్కొక్కటే ప్రింట్ చేయించండి. అమ్మకానికి అదనంగా వేసి అట్టపెట్టెల్లో నిల్వ పెట్టకండి. కొన్నవాళ్ల పేరు రాసుకుని, డబ్బు తీసుకుని, మూడు వారాల్లో ప్రింటు ఇంటికి పంపుతామని చెప్పండి. 2020లో కరోనా మొదటి అలలో న్యూయార్క్‌లోని ఎల్మ్‌హర్స్ట్ ఆసుపత్రి కోసం 187 మంది ఫొటోగ్రాఫర్లు ఆన్‌లైన్‌లో ప్రింట్లు అమ్మారు. ఎవరి ఫొటో అయినా ధర ఒకటే, 150 డాలర్లు. అమ్మకం కొద్ది రోజులే. 13 లక్షల డాలర్ల పైచిలుకు వచ్చాయి. మన స్థాయి వేరు, నిజమే. కానీ పద్ధతి పనికొస్తుంది: ఒకే ధర, ఒకే ఆసుపత్రి, ముందే చెప్పిన గడువు. కొనేవాడికి బేరం ఆలోచన రాదు, ఫొటోగ్రాఫర్ల మధ్య "నాది ఎందుకు తక్కువ" అన్న మాట రాదు.

కాబట్టి ధర విషయంలో నా మాట ఇదీ. రెండే సైజులు పెట్టుకోండి. 12×18 అంగుళాలది ఫ్రేము లేకుండా ఒక ధర, 20×30 అంగుళాలది ఫ్రేముతో ఇంకో ధర. చిన్నది ఒక కాలేజీ లెక్చరర్ ఆలోచించకుండా కొనగలిగేలా ఉండాలి. పెద్దది క్లినిక్కులు, హోటళ్లు, కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు కొంటారు. వీటికి తోడు పోస్టుకార్డుల సెట్టు ఒకటి వేయించండి, పిల్లలు, విద్యార్థులు ఖాళీ చేతులతో వెళ్లకుండా. ఊరివాళ్లు తమకు తెలిసిన చోటును కొంటారు. భద్రకాళి చెరువు మీద పొద్దు, పాకాల పొగమంచు, రామప్ప స్తంభం మీది చెక్కడం, వీటికి గోడ మీద చోటు దొరుకుతుంది. ముడతలు పడ్డ ముసలివాళ్ల ముఖాల క్లోజప్‌లు ఫొటోగ్రాఫర్లకు ప్రాణం, అవార్డులూ వస్తాయి, కానీ తెలియని మనిషి ముఖాన్ని హాల్లో పెట్టుకునేవాళ్లు అరుదు. అలాంటివి ప్రదర్శనకు ఉంచండి, అమ్మకాల లెక్కలో మాత్రం వేసుకోకండి.

వేలం గురించి. మన జనానికి వేలం కొత్త కాదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలకు చేరింది. లడ్డూ రుచి కోసం ఎవరూ అంత పెట్టరు. భక్తి ఉంది, గౌరవం ఉంది, గెలిచినవాడి పేరు ఊరంతా వింటుంది, ఆ డబ్బు ఊరి పనులకు వెళ్తుందన్న నమ్మకం ఉంది. అలాగే మీరు కూడా ఒక్క ఫొటోను, ఒక్కదాన్నే, వేలానికి పెట్టండి. దాన్ని ఒక్క ప్రింటే వేసి, ఇక వేయబోమని రాసివ్వండి. వేలం పాడించడానికి గొంతు, చనువు రెండూ ఉన్న మనిషి కావాలి, ఊళ్లో అలాంటివారు తప్పకుండా ఉంటారు. "ఒకటోసారి, రెండోసారి" అనగానే హాలంతా తిరిగి చూస్తుంది. ఐదారు ఫొటోలు వేలానికి పెడితే మూడోదానికే ఊపు పోతుంది. ముందుగానే ఇద్దరు దాతలతో మాట్లాడి, వాళ్లు నిజంగా ఇవ్వదలచుకున్న మొత్తం నుంచి పాట మొదలుపెట్టేలా చూసుకోండి. ఉత్తుత్తి పాట పాడించి ధర పెంచడం మాత్రం వద్దు, అది మోసం.

ఆ ఇరవై నిమిషాల్లో ఎవరు మాట్లాడాలి? మీ అధ్యక్షుడు రెండు నిమిషాలు, ముఖ్య అతిథి ఐదు నిమిషాలు, ట్రస్టు డాక్టరు ఐదు నిమిషాలు, చివరగా అడిగే మనిషి మూడు నిమిషాలు. మిగిలింది వేలానికి. "అడిగే మనిషి" అని విడిగా ఎందుకన్నానంటే, మన సభల్లో అందరూ సేవ గొప్పదనం గురించి మాట్లాడతారు గానీ "ఇవ్వండి" అని నోరు తెరిచి అడిగేవారు ఉండరు. మొహమాటం. అడగనిదే ఎవరూ ఇవ్వరు. ఆ మనిషి తాను ముందు ఇచ్చి ఉండాలి. "నేను ఒక బిడ్డకు ఆరు నెలలు తీసుకున్నాను. మీలో ఒక నెల తీసుకోగలిగినవాళ్లు ఈ కార్డు మీద పేరు రాయండి" అని చెప్పి కూర్చోవాలి. కార్డులు, పెన్నులు అప్పటికే చేతుల్లో ఉండాలి. మీ సభ్యులు హాల్లో నలుమూలలా నిలబడి రాసినవి వెంటనే తీసుకోవాలి. "తర్వాత పంపిస్తాం" అన్న మాటల్లో చాలా భాగం తర్వాత గుర్తుండవు.

డబ్బు తీసుకునే బల్ల తలుపు పక్కన కాకుండా హాలు మధ్యలో, టీ దగ్గర పెట్టండి. క్యూఆర్ కోడ్ ట్రస్టు బ్యాంకు ఖాతాది మాత్రమే ఉండాలి, సభ్యుల్లో ఎవరి సొంత ఫోన్ నంబరుకూ డబ్బు రాకూడదు, ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే. హాల్లో మొబైల్ సిగ్నల్ ముందురోజే చూసుకోండి. గోడలు మందంగా ఉన్న పాత హాళ్లలో యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, ఇవ్వబోయినవారు టెన్షన్ పడి మళ్లీ చూద్దాంలే అని వెళ్లిపోతారు. నగదుకు తాళం వేసిన హుండీ ఒకటి, దాన్ని ట్రస్టు మనిషి, మీ మనిషి ఇద్దరూ ఉన్నప్పుడే తెరవాలి.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న విషయం. మీలో ఒకరు ట్రస్టుకు వెళ్లి రక్తం ఎక్కించుకుంటున్న పిల్లల ఫొటోలు తీసి ప్రవేశద్వారం దగ్గర పెద్దవిగా పెడితే జనం కరిగిపోతారని రాశారు. దయచేసి ఆ పని చేయకండి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1876–78లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన ఘోర కరువును మనవాళ్లు ధాత కరువు అంటారు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయాయి. అప్పుడు హూపర్ అనే సైనికాధికారి ఎముకలగూడులైన మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు సముద్రాలు దాటి, ఇక్కడ ఏం జరుగుతోందో అక్కడివాళ్లకు చూపించాయి. అదే సమయంలో, ఫొటో తీసుకుని ఆ మనుషులకు అతను ఏం చేశాడన్న విమర్శ కూడా వచ్చింది. నూటయాభై ఏళ్లు కావస్తోంది. ఆ ఫొటోలు ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తున్నాయి, వాటిలో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం మనకు తెలియవు. తీసినవాడి పేరే మిగిలింది.

మీ ఎగ్జిబిషన్‌లో పెట్టబోయే బిడ్డకు ఊరు ఉంది, బడి ఉంది, రేపు పెళ్లి సంబంధాలు చూడాల్సిన అక్క ఉంది. తలసీమియా వంశపారంపర్యంగా వచ్చేది కాబట్టి ఒక బిడ్డ ముఖం బయటపడితే ఆ కుటుంబం మొత్తం మీద ముద్ర పడుతుంది. ప్రేక్షకుల్లో ఎవరో ఒకరు ఫొటోను ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పెడతారు, దాన్ని మీరు వెనక్కి తేలేరు. తల్లిదండ్రులు సంతకం పెట్టారు కదా అంటారేమో. ఉచితంగా రక్తం ఎక్కించే చోట అడిగితే ఏ తల్లి కాదంటుంది? కాదంటే వైద్యం ఆగిపోతుందేమో అన్న భయం ఉన్నచోట తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. పిల్లలు సంరక్షణ గృహాల్లో ఉన్నవారైతే చట్టమే ఒప్పుకోదు. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేలా ఫొటో గానీ వివరాలు గానీ ప్రచురిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ముఖాలు లేకుండానే చాలా చెప్పవచ్చు. రక్తపు సంచీ మీద రాసిన తేదీ, మంచం పక్కన విప్పిన చిన్న చెప్పులు, సూదులు గుచ్చిన చేతిని పట్టుకున్న అమ్మ చెయ్యి, రెండో తరగతి నోటుపుస్తకంలో ఆసుపత్రి తేదీల పట్టిక. ఇలాంటివి తీయడానికి ముఖం తీయడం కంటే ఎక్కువ ఓపిక, ఎక్కువ చూపు కావాలి, ఫొటోగ్రాఫర్లుగా అది మీ పనే. తలసీమియాతోనే పెద్దవాళ్లై ఉద్యోగాలు చేసుకుంటున్నవారు ఉన్నారు. అలాంటి ఒకరు ఇష్టపడి వచ్చి మాట్లాడతానంటే డాక్టరు ప్రసంగంలో సగం సమయం వారికి ఇవ్వండి. మేడారం ఫొటోల్లో పూజారులకు, బతుకమ్మ ఫొటోల్లో ఆడవాళ్లకు కూడా ఇదే మర్యాద వర్తిస్తుంది. గుర్తుపట్టగలిగినంత దగ్గరగా తీసినవాటిని అమ్మేముందు వాళ్లను కలిసి అడగండి, ఒక ప్రింటు వాళ్లకు ఇవ్వండి. బృందంలో పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఉంటే ఒక జాగ్రత్త: డబ్బు తీసుకుని తీసిన ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ తీయించుకున్నవారిదే. వాళ్ల అనుమతి లేకుండా గోడకు ఎక్కించకండి.

పన్నుల విషయం త్వరగా చెప్తాను, కానీ శ్రద్ధగా వినండి. ఫొటో కొనడం వేరు, విరాళం ఇవ్వడం వేరు. 5,000 ఇచ్చి ఫ్రేము తీసుకెళ్లిన మనిషి వస్తువు కొన్నట్టు లెక్క, అతనికి 80జీ రసీదు ఇవ్వకూడదు. కార్డు రాసి ఏమీ తీసుకోకుండా ఇచ్చినవారికే విరాళం రసీదు. బల్ల మీద రెండు రసీదు పుస్తకాలు వేర్వేరుగా పెట్టండి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే 80జీ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. మినహాయింపు కావాలన్నవారి పాన్ నంబరు అక్కడికక్కడే రాసుకోండి. ఆర్థిక సంవత్సరం ముగిశాక ట్రస్టు ఆ వివరాలను ఆదాయపు పన్ను శాఖకు పంపితేనే దాతకు ధ్రువపత్రం వస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు కాబట్టి రసీదు మీద ఏం అచ్చు వేయాలో ట్రస్టు ఆడిటర్‌ను అడగండి. అమ్మకాల డబ్బు ఎవరి ఖాతాలో పడాలి, జీఎస్టీ వర్తిస్తుందా అన్నవీ ఆయన్నే అడగండి.

అమెరికా బంధువుల సంగతి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవారైతే, వాళ్లు డాలర్లలో సంపాదించినా, బ్యాంకు ద్వారా తమ సొంత డబ్బు పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసిపెట్టుకుంటే మంచిది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు మాత్రం విదేశీ విరాళమే, భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఊరికి వచ్చి రూపాయల్లో ఇచ్చినా సరే. దాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. మీ ట్రస్టుకు ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే వాళ్ల డబ్బు తీసుకోకండి, క్యూఆర్ కోడ్‌ను విదేశీ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. ఒక్క పొరపాటు ట్రస్టు పనినే ఆపేయవచ్చు.

కంపెనీలు సమాజసేవకు చట్టప్రకారం ఖర్చు పెట్టాల్సిన డబ్బు, అంటే సీఎస్ఆర్ మీద ఆశ పెట్టుకోకండి. నికర ఆస్తులు 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా లాభం 5 కోట్లు దాటిన కంపెనీలకే ఆ బాధ్యత ఉంటుంది. ఒక సాయంత్రం కార్యక్రమానికి స్పాన్సర్‌షిప్ ఇస్తే అది సీఎస్ఆర్ కింద చెల్లదని కేంద్రం 2014లోనే స్పష్టం చేసింది. మీకు అసలు స్పాన్సర్లు ఊళ్లోనే ఉన్నారు: డయాగ్నస్టిక్ సెంటర్లు, నగల షాపులు, స్కూళ్లు, రైస్ మిల్లర్లు. వాళ్లు ప్రకటనల ఖర్చు కింద ఇస్తారు. నగదు అడగడం కంటే "హాలు అద్దె మీది", "ఫ్రేములు మీవి", "టిఫిన్లు మీవి" అని ఒక్కొక్కటి ఒక్కొక్కరికి అప్పగిస్తే త్వరగా ఒప్పుకుంటారు. వాళ్ల ఫ్లెక్సీలు హాలు బయటే ఉండాలి, ఫొటోల పక్కన కాదు.

ప్రింట్ల గురించి మీకు చెప్పాల్సింది తక్కువ. 24 మెగాపిక్సెల్ ఫైలు 6000×4000 ఉంటుంది, 20×30 అంగుళాలకు అంగుళానికి 200 చుక్కలు వస్తాయి, ఒక అడుగు దూరం నుంచి చూసినా బాగానే ఉంటుంది. బాగా క్రాప్ చేసినవాటిని పెద్ద సైజుకు తీసుకోకండి. అన్నీ ఒకే ల్యాబులో, మ్యాట్ కాగితం మీద వేయించండి. ఫొటో మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా అన్నీ ఒకే వరసలో వేలాడదీయండి. గాజు ఫ్రేములైతే లైట్లు ముందురోజు రాత్రే వేసి మెరుపు చూసుకోండి. వివరణలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో, నాలుగు పంక్తులకు మించకుండా ఉండాలి.

తేదీ విషయంలో కొంచెం ఆలోచించండి. మే 8 ప్రపంచ తలసీమియా దినం, చూడగానే సరైన రోజు అనిపిస్తుంది, కానీ ఆ ఎండల్లో ఊళ్లో సగంమంది ఉండరు. పెళ్లి ముహూర్తాలు దట్టంగా ఉన్న వారాలు వద్దు, అతిథులూ దొరకరు, మీ బృందంలో పెళ్లిళ్లు తీసేవాళ్లూ దొరకరు. మేడారం జాతర ఏడాదిలో జాతరకు ముందువెనక వారాలూ వద్దు. ఆషాఢం, పుష్యం శూన్యమాసాలని ప్రారంభోత్సవాలకు జంకుతారు గానీ, హాళ్లు ఖాళీగా, చవగ్గా దొరికేది అప్పుడే. సేవకు ముహూర్తం అక్కర్లేదని పెద్దవాళ్లకు నచ్చజెప్పవచ్చు. జీతాలు పడే నెల మొదటి వారంలో శనివారం చూసుకోండి.

రెండో రోజు ఉదయం లైసెన్సు ఉన్న బ్లడ్ సెంటర్‌తో మాట్లాడి అదే ఆవరణలో రక్తదాన శిబిరం పెట్టించండి. డబ్బు ఇవ్వలేని కుర్రాళ్లకు ఇవ్వగలిగింది అదే, ఆ పిల్లలకు మొదట కావలసిందీ అదే. 18 నుంచి 65 ఏళ్లలోపు, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవారు ఇవ్వవచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి. ఆ రోజు ఇచ్చినవారికంటే, వేసవిలో కాలేజీలు మూసి రక్తం దొరకనప్పుడు పిలిస్తే వస్తామని పేరు, గ్రూపు, ఫోను రాసిచ్చినవారి జాబితా ట్రస్టుకు ఎక్కువ ఉపయోగం. అక్కడే ఒక బోర్డు మీద రాయండి: దంపతులిద్దరూ తలసీమియా వాహకులైతే (తమకు జబ్బు లేకున్నా దాని జన్యువు ఉన్నవారైతే) ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, పెళ్లికి ముందో గర్భం తొలి నెలల్లోనో హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకుంటే ముందే తెలుస్తుంది. ఫొటోలు చూడటానికి వచ్చిన ఒక్క జంట ఆ పరీక్ష చేయించుకున్నా మీ శ్రమకు ఫలితం దక్కినట్టే.

ఎగ్జిబిషన్ ముగిసిన వారంలోపు లెక్క బయటపెట్టండి. వచ్చింది ఎంత, ఖర్చులు ఎవరు భరించారు, ట్రస్టుకు ఏ తేదీన ఎంత చేరింది, ఒక్క పేజీలో, ట్రస్టు సంతకంతో. కొన్న ప్రతి ఒక్కరికీ ప్రింటుతోపాటు ఆ పేజీ కూడా పంపండి. ఆరు నెలలు ఆగి, ఎన్ని నెలల రక్తమార్పిడులకు ఆ డబ్బు సరిపోయిందో ట్రస్టును అడిగి, అదే జాబితాకు ఒక మెసేజ్ పెట్టండి. వచ్చే ఏడు ఆహ్వానం వెళ్లేది ఆ నంబర్లకే.

హాలు ఖరారయ్యాక దాని కొలతలు, గోడల పొడవు ఇక్కడ రాయండి. ఎన్ని ఫొటోలు పడతాయో, టీ బల్ల ఎక్కడ పెట్టాలో చూసి చెప్తాను.